క్యారియర్ వంతు

జైనబ్ కూతురు ముస్కాన్ లెక్కల మాస్టారి గదిలోంచి చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చిందటండీ, ఆ పిల్ల వాలకం మొదట్నుంచీ అంతేనటండీ, అని పక్కింటి రత్నమాణిక్యం గారు గోడ మీంచి మా అత్తగారితో అన్నారట. అత్తగారు ఆ మాటను వంటింటి గుమ్మందాకా మోసుకొచ్చి, "మీ బడేగా ప్రసన్నా, నీకు తెలీదా?" అన్నారు. నేను మా ఆయన క్యారియర్ తోముతున్నాను. రాత్రి చేపల పులుసు జిడ్డు, గిన్నె అంచు మడతలో చింతపండు పిప్పి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రదీప్ చెరువు గట్టుకి పట్టుకెళ్ళే క్యారియర్ తోమేది నేనే, నేను బడికి పట్టుకెళ్ళే డబ్బా తోముకునేదీ నేనే. తెలీదన్నాను. క్యారియర్ సంగతి మాత్రం తెలుసు.

మా హైస్కూల్లో అదొక వాడుక. మాస్టార్లు తిన్న క్యారియర్లు ఆడపిల్లలు కడగాలి. హాజరు పిలిచే వరసలో రోజుకొకరి వంతు. కుళాయి దగ్గర తోమి, తుడిచి, మాస్టారి గదిలో పెట్టి రావాలి. ఆ వేళకి మగపిల్లలు గ్రౌండులో కబడ్డీ ఆడుకుంటుంటారు. తల్లులు దాన్ని గురువుగారి సేవ అంటారు. "మా శ్రీదుర్గ తోమిందంటే గిన్నెలో మొహం చూసుకోవచ్చండీ" అని రత్నమాణిక్యం గారు మనవరాలి గురించి ఎన్నిసార్లు మురిసిపోయారో. ఆవిడ కొడుకు బుచ్చిబాబు గారు బడి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్. చైర్మన్ కావాలంటే పిల్ల ఆ బళ్ళోనే చదవాలి కాబట్టి శ్రీదుర్గను ఏలూరు పంపకుండా ఇక్కడే ఉంచారు, ముస్కాన్ క్లాసులోనే. ఈ వాడుకలో తప్పెవరికీ కనపడలేదు. ప్రతి ఇంట్లోనూ అదే కుళాయి, అదే వంతు. కాకపోతే ఇంట్లో వంతు మారదు.

బడికి వెళ్ళగానే హెడ్మాస్టర్ సత్యానందం గారు పిలిచారు. "మీరు ఆడవాళ్ళు మేడమ్, మీతో అయితే ఆ పిల్ల మాట్లాడుతుంది. లెక్కల హేమంత్‌కుమార్ గారు మంచి మాస్టారు, రిజల్ట్సు చూశారుగా. ఏమీ జరగలేదనిపించండి, ఆ పిల్ల భవిష్యత్తు కోసమే" అన్నారు. నేను ఆడమనిషినని మా స్టాఫ్‌రూముకి రెండు సందర్భాల్లోనే గుర్తొస్తుంది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి టీ పెట్టించాల్సినప్పుడు, ఇదిగో ఇలాంటప్పుడు. మధ్యాహ్నం ప్రదీప్ ఫోను. "బుచ్చిబాబు గారు మాట్లాడారు. మన చెరువు లీజు ఆయన చేతిలో ఉందని నీకు తెలుసు. జీతం తెస్తున్నావు కదాని ఊరికి నీతులు చెప్పకు. అన్నట్టు, పులుసులో ఉప్పు తక్కువైంది." సరేనండీ అన్నాను. ఆ సరే దేనికన్నానో ఆయన అడగలేదు.

సాయంత్రం జైనబ్ ఇంటికెళ్ళాను. ఆమె జాకెట్లు కుడుతుంది, భర్త ముబారక్ ఏలూరు స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. ముస్కాన్ మిషను కింద కూర్చుని గుడ్డపీలికల్లోంచి దారాలు ఏరుతోంది. మాస్టారి గది దగ్గర ఉండిపోయిన దాని చెప్పులు నా సంచీలో తెచ్చాను. గుమ్మంలో పెడితే, ఎవరివో అన్నట్టు చూసింది.

"క్యారియర్ మూత సరిగా పట్టలేదన్నారండి. మళ్ళీ రమ్మన్నారండి." ఇంకో పీలిక అందుకుంది. "గడియ పెట్టారండి."

నేను ఇంకేమీ అడగలేదు. దారాలన్నీ ఏరడం అయిపోయాక తలెత్తి, "నేను బడి మానెయ్యాలాండి, మేడమ్?" అంది.

జైనబ్ మిషను ఆపింది. "దాని నాన్నకి ఇంకా చెప్పలేదండి. చెప్తే ముందు బడి మాన్పిస్తారండి, తర్వాత ఏం జరిగిందని అడుగుతారండి."

తిరిగొస్తూ చెరువు గట్టు మీద స్కూటీ ఆపాను. చేపలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. చేపలు ఊపిరాడక నోళ్ళు తెరిస్తే మా ఊళ్ళో ఎంత పెద్దాయనైనా పంచె ఎగ్గట్టి పరిగెత్తుతాడు. పెళ్ళికి ముందు పాఠం చెప్పినట్టు నేను గొంతెత్తి ఏదైనా చెప్పి చాలా కాలమైంది. పిల్లల కోసం పెట్టిన 1098కి ఫోన్ చేసి, నా పేరూ ఉద్యోగమూ ఊరూ మాస్టారి పేరూ అలా చెప్పాను. ఇంటికెళ్ళి కూర పోపు పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తెల్లారాక హెడ్మాస్టర్ గదిలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడతోడు ఉండాలని బుచ్చిబాబు గారు తల్లిని కూడా తీసుకొచ్చారు. రత్నమాణిక్యం గారికి కుర్చీ వేశారు, జైనబ్‌కి వెయ్యలేదు. ముస్కాన్ తల్లి వెనక, చున్నీ అంచు పట్టుకుని నిలబడింది. ఆ చెప్పులు వేసుకోలేదు. కిటికీ దగ్గర హేమంత్‌కుమార్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తీర్పు ముందే తయారై ఉంది. మాస్టారు ఇకమీదట జాగ్రత్తగా ఉంటారు, పిల్లకి టీసీ ఇస్తారు, ఏలూరులో చదువుకుంటుంది.

"మేడమ్ గారు మాట్లాడారుగా. చెప్పండమ్మా, ఏమీ లేదనేగా?" అన్నారు బుచ్చిబాబు గారు.

"పిల్ల నిజమే చెప్తోందండీ. నేను నిన్న 1098కి ఫోన్ చేశాను. వాళ్ళు బయల్దేరారు."

సత్యానందం గారు లేచి, మళ్ళీ కూర్చున్నారు. బుచ్చిబాబు గారు మాత్రం, "ప్రదీప్‌కి తెలుసా?" అని అడిగారు.

"తెలీదండీ."

తెలిసే వేళకి ఏమవుతుందో నాకు తెలుసు. చెరువు పోతుంది. ఇల్లు ఉంటుందో లేదో.

రత్నమాణిక్యం గారు నా వైపు తిరిగి చేతులు తిప్పారు. "ఎంత పని చేశావే తల్లీ! ఆ పిల్లేదో టీసీ తీసుకుని తన దారిన తను పోతే సరిపోయేదిగా. ఇంకెవరికొచ్చిందీ బాధ?"

జైనబ్ వెనకనుంచి ముస్కాన్ పక్కకి జరిగి, ఆవిడ మొహంలోకి చూసింది.

"ఇవాళ శ్రీదుర్గ వంతండీ."