ఏటిలో నానిన చక్రాలు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం. కొల్లాపూర్‌లో దొరగారి పాత కారు కొట్టంలో పడి ఉంది. దొర పట్నంలోనే ఉండిపోయాడు. తాళంచెవి మాత్రం డ్రైవరు ఎల్లస్వామి మొలతాడుకే ఉంది.

అతని భార్య సాలమ్మ మిద్దె మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎడ్లబండి ఎక్కిస్తే మొదటి గతుకుకే ఆమె అరుపు వాడంతా వినిపించింది. వనపర్తి దవాఖానకు బస్సులు నడవడం లేదు. మెత్తటి స్ప్రింగులున్నది ఆ కారుకే.

కాని దాని చక్రాలు కట్టెవి. ఎండి, నడుమ నుంచి అంచుకు పోయే ఆకులు వదులై, ఊపితే గలగలమన్నాయి. టైర్లు పెళుసెక్కాయి. గాలి కొడితే ఎప్పుడు పగిలి ముఖం మీదికి వస్తాయో తెలియదు. ఎల్లస్వామి పంపు ముట్టలేదు. కారు కింద బండలు పేర్చి చక్రాలు విప్పాడు. వాటిని బండి మీద తీసుకుపోయి కృష్ణా నది మడుగులో ముంచాడు.

గట్టున ఒరిగితే కునుకు పట్టింది. కారు చప్పుడు లేకుండా నీళ్ల మీద పోతున్నట్టు, వెనుక సీట్లో సాలమ్మ పెళ్లినాటి చీరలో నవ్వుతున్నట్టు కలొచ్చింది. లేచేసరికి ఎండ చల్లబడింది. చక్రాలు బిగిసిపోయాయి.

వడ్రంగి గోపయ్య ఒక్కో ఆకునూ తట్టి విన్నాడు.

“నీళ్లతోని బిగిసింది, ఎండకు మళ్ల వదులైతది. ఇంజను పెడితే ఇరుగుతది. నడక మీదనే పోనియ్యి, తడి ఆరనియ్యకు.”

టైర్లలో గాలికి బదులు ఎండుగడ్డి కూరి బిగించారు. తెల్లవారుతుండగా పొరుగింటి బీరన్న తన ఎడ్లను కారుకు కట్టాడు. దొరసాని కూర్చునే సీటులో సాలమ్మను పడుకోబెట్టారు. ఆ కారు కడగడానికి ఇన్నాళ్లూ నీళ్లు మోసిందే గాని, ఆమె ఏనాడూ లోపల కాలు పెట్టలేదు.

బావి కనబడ్డ చోటల్లా ఆగి చక్రాలు తడిపారు. ఊళ్లలో ఆడవాళ్లు అడక్కుండానే కడవలతో వచ్చారు. కమ్యూనిస్టులను ఎవరినైనా దాచారేమోనని మిలిటరీ వాళ్లు ఆపి దుప్పటి ఎత్తి చూశారు. సాలమ్మ ముఖం చూసి ఒక జవాను తన సీసాలోని నీళ్లు చక్రం మీద వంపి, పొమ్మని చెయ్యి ఊపాడు.

చాలా దూరం పోయాక సాలమ్మ కళ్లు తెరిచింది.

“జర మెల్లగ పోనియ్యి. చెట్లన్నీ ఎనకకు పోతుంటె మంచిగున్నది.”

“గింతకన్న మెల్లగ ఎడ్లు నడువయి, సాలమ్మా.”

దవాఖానలో ఎముక అతికింది. వానలు పడేనాటికి ఆమె కర్ర పట్టుకుని నడిచింది. మధ్యాహ్నం పూట కొట్టంలోకి వచ్చి, కదలని కారు వెనుక సీటులో కూర్చుని కునికేది. ఎల్లస్వామి చక్రాలకు నూనె రాస్తూ, ఆమెకు మెలకువ రాకుండా మెల్లగా పని చేసుకునేవాడు.