గుండ్రంగా లేని కేంద్రకం

"మళ్లా చీరెనే నానబెడ్తున్నవా? ముట్లుడిగే వయసు, గిట్లనే ఉంటది. ఇంత పరేషానెందుకే?" అంది బుచ్చమ్మ.

కోడలు దేవిక బకెట్లో ఎర్రబడిన నీళ్లు పారబోసింది. "దవాఖాన్ల పనిజేస్తవ్ గద, ఊరోళ్ల రోగాలన్నీ నీకే ఉన్నయనుకుంటవ్" అని భర్త ప్రభాకర్ నవ్విన నవ్వు చెవుల్లోనే ఉంది. అత్తకు ఉప్మా పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, తను తినకుండానే మిర్యాలగూడ దవాఖాన ల్యాబ్‌కు పరుగెత్తింది.

అక్కడ ఆమె పని స్లైడ్లకు రంగు వేయడం. గర్భసంచి ముఖద్వారం పరీక్షకు వచ్చే ఆడవాళ్లు చాలామంది సిగ్గుకు వేరే పేర్లే రాయిస్తారు. కౌంటర్లో కూర్చునేవాడు ప్రభాకర్‌కు వరుసకు తమ్ముడు. అందుకే నర్సు నాగరాణి దేవిక నమూనా తీసి, "పేరు నర్సమ్మ, ఊరు పాలకీడు అని రాస్త తియ్యక్కా. పాలకీడుల ఎంతమంది నర్సమ్మలో!" అని నవ్వింది.

తన స్లైడ్‌పై రంగు ఆరగానే దేవిక మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది. కణం పనినిబట్టే కేంద్రకం ఆకారం ఉంటుందని ఆమెకు తెలుసు. తెల్ల రక్తకణంలో అది తునకలుగా, సన్నని పోగులతో కలిసి ఉంటుంది. ఇరుకు సందుల్లోంచి దూరి వెళ్లాలి కదా. పైపొర కణంలో ఆవగింజలా చిన్నగా, గుండ్రంగా ఉండాలి. ఇక్కడ కొన్ని కణాల్లో ఉబ్బి, నల్లబడి, అంచులు నలిగి ఉంది. అలాంటి కణం తన పని మరిచిపోతుంది. పెరగడమొక్కటే తెలుస్తుంది దానికి. తన కళ్లే పొరబడ్డాయేమో, రంగు ఎక్కువైందేమో అనుకుంది దేవిక. స్లైడ్ జరిపి మళ్లీ చూసింది. అవే అంచులు.

సూర్యాపేట నుంచి వచ్చిన డాక్టర్ మధుసూదన్ ఆ స్లైడ్‌ను చాలాసేపు చూశాడు.

"ఈ నర్సమ్మను వెంటనే పిలిపించమ్మా. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఆలస్యం కావద్దు."

"నంబర్ లేదు సార్" అంది నాగరాణి, దేవిక ముఖంలోకి చూస్తూ.

ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఇంట్లో ఏ గొడవా ఉండదు. నర్సమ్మ దొరకలేదని రాసి పక్కన పెట్టేస్తారు.

"నేనే సార్" అంది దేవిక. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డాక్టర్ కళ్లద్దాలు తీశాడు. "అట్లనా... సరే, రేపు మీ ఆయన్ను తోలుకొని రామ్మా. ఆయనతో మాట్లాడి, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకొని..."

"రేపెందుకు సార్? పైన ముక్క తీసే డాక్టర్ మేడం ఉన్నది గద, ఇయ్యాలనే పోత. సంతకం నేనే పెడ్త."