మూత ఉన్నంతసేపే

తెల్లవారుజామున నల్లా నీళ్ల చప్పుడైతే సుమన నిద్ర అక్కడితో సరి. నీళ్ల గోలెం నింపాలి. ఆమె పోస్తుంటుంది, ఇంట్లోవాళ్లు ముంచుకుంటూ ఉంటారు. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మళ్లీ నింపాలి. "మా ఇంట్ల గోలెం ఎన్నడు ఒట్టిగ లేదు" అని అత్త సత్తెమ్మ చుట్టాలతో గొప్పగా చెప్పుకుంటుంది, అదేదో తనంతట తానే ఊరే చెలిమె అయినట్టు.

మహబూబాబాద్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సుమనకు ప్రిన్సిపల్‌గా ప్రమోషన్ వచ్చింది. పోస్టింగు ఎక్కడో దూరాన కాటారంలో. అక్కడే గది తీసుకుని ఉండాలి. చేరేదీ లేనిదీ ఈరోజే చెప్పాలి.

"వద్దని చెప్పు," అన్నాడు భర్త ప్రతాప్, చాయ్ తాగుతూ. "ఈడ నీకేం తక్కువైంది? అంత మంచిగనే నడుస్తున్నది గద. ఇంట్ల గూడ నీకు పెద్ద పనేమున్నది?"

సుమనకు ఒళ్లు మండింది. అయినా గిన్నెలు తోమే కాలేజీకి వెళ్లింది. ఇన్నేళ్లూ లోపల మంట లోపలే, చేతుల్లో పని చేతుల్లోనే. చూసేవాళ్లకు మాత్రం నెమ్మదైన కోడలు.

ఆరోజు పాఠం సమతాస్థితి. మూసిన పాత్రలో సున్నపురాయిని బాగా కాలిస్తే సున్నంగా, వాయువుగా విడిపోతుంది. అవి రెండూ కలిసి మళ్లీ రాయవుతుంటాయి. విడిపోయేదెంతో కలిసేదీ అంతే అయ్యాక, పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

నర్సింహులపేట దగ్గరి తండా పిల్ల గోరీ లేచింది. "గంత పని నడుస్తుంటే ఆగినట్టు ఎట్ల కనబడ్తది మేడం?"

"రెండు దిక్కుల సమానంగ నడుస్తది కాబట్టి."

"ఎన్ని రోజులు గట్ల?"

సుమన చేతిలో చాక్‌పీసు ఆగింది. ఏటా చెప్పే పాఠమే. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనతో సహా.

"మూత ఉన్నంతసేపే బిడ్డా. మూత తీస్తే వాయువు ఎల్లిపోతది. ఇగ మళ్ల రాయి గాదు."

మధ్యాహ్నమే పై ఆఫీసుకు ఫోన్ చేసి చేరుతున్నానని చెప్పేసింది. సాయంత్రం గోలెం వైపు పోకుండా చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ కూర్చుంది. కాళ్లు కడుక్కోబోయిన ప్రతాప్ ఖాళీ చెంబుతో వెనక్కి వచ్చాడు.

"గోలెంల నీళ్లు లేవేంది?" అంటూ చీరలు చూసి ఆగిపోయాడు. "కాటారం పోతున్నవా? మరి ఇంట్ల పని?"

సుమన తలెత్తింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఏం పని?"