రెండోసారి తీసిన రక్తం

మరియదాసు మోపెడ్ వెనక రక్తం పెట్టెను తాడుతో రెండు చుట్లు చుట్టి, ముడి లాగి చూశాడు. కదల్లేదు. ముప్పై ఏళ్లు కొత్తపట్నం నుంచి అద్దంకికి చేపల పెట్టెలు కట్టిన ముడి అది. ఆ బేరం ఆటోలవాళ్ల చేతికి పోయింది. నాలుగు రోజులుగా అద్దంకిలోని ఈ నర్సింగ్‌హోమ్ రక్తాన్ని ఒంగోలు ల్యాబుకు చేరుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. వేళ్ల నిండా చేప మొప్పలు కోసిన పాత గాట్లు. మాట తక్కువ.

"ఇవాళ ఒక్క ట్యూబే బాబాయ్, జాగ్రత్త" అంది నర్సు క్రిస్టీనా. "నజీరాది. ఏడో నెల. బీపీ కొద్దిగానే పెరిగింది గానీ మొహం ఉబ్బింది. లోపల మాయ పాడవుతుంటే ఈ రక్తంలో తెలిసిపోద్ది. ఫిట్స్ రాకముందే."

"ముందేనా?"

"ముందే. కొందరికి వారాల ముందే."

మరియదాసు అక్కడే నిలబడిపోయాడు. అతని భార్య ఆదెమ్మ కూడా ఎనిమిదో నెలలో తలనొప్పి అంది. ఆ పొద్దున అతను చేపల వేలం దగ్గర ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఫిట్స్ వచ్చి తల్లీ బిడ్డా పోయారు. ఇరవై తొమ్మిదేళ్లయింది.

బెంచీ మీద నజీరా బిగిసిన గాజులను పైకి తోసుకుంటోంది. మిరప కల్లంలో తొడిమలు తీసే పిల్ల.

"తొందరగా పో బాబాయ్. మా మేస్త్రి నా చోట ఇంకోదాన్ని కూచోబెడతాడు" అని నవ్వింది.

మేదరమెట్ల దాటాక ఎండ మండింది. పెట్టె మూత మీద చెయ్యి వేస్తే కాలింది. లోపల చూస్తే నాలుగు చల్లటి పలకలు. ఇవి ఏ మూలకు? సోడా కొట్టు దగ్గర ఐసు కొట్టించాడు. ట్యూబును నిలబెట్టిన అట్ట తీసేసి, కింద ఐసు, నడుమ ట్యూబు, పైన ఐసు సర్దాడు. ఇప్పుడు కుదిరిందనుకున్నాడు.

ల్యాబులో సాదిక్ పెట్టె తెరిచి నోరెళ్లబెట్టాడు.

"ఏంది పెద్దాయనా, రక్తం తెచ్చావా, చందువాయి చేప తెచ్చావా?"

ట్యూబును మిషన్లో తిప్పి వెలుతురుకు పట్టాడు. పైకి తేలాల్సిన పసుపు నీరు ఎర్రగా ఉంది.

"ఐసు తగిలి కణాలు పగిలిపోయాయి. పనికిరాదు. రేపు మళ్లీ తీసుకురా."

"రేపా?" మరియదాసు గొంతు పెరిగింది. "రేపు కాదు. నువ్వు ఎన్నింటిదాకా ఉంటావు?"

"నాలుగు."

గడియారంలో పన్నెండున్నర. మెట్లు దిగుతూనే ఫోన్ తీశాడు. "అమ్మా, నేనే చెడగొట్టా. నజీరాని పోనియ్యమాక. మళ్లీ తియ్యి. వస్తన్నా." ఫోన్లో అతను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

మోపెడ్ పరిగెత్తింది. అద్దంకిలో క్రిస్టీనా గేటు దగ్గరే ట్యూబు పట్టుకొని ఉంది. దాన్ని అట్టలో నిలబెట్టి, తన తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి పలకలకూ దానికీ నడుమ పెట్టింది అతనే. నీళ్లు కూడా తాగలేదు. రోడ్డు పక్క కల్లాల ఘాటుకు తుమ్ములొచ్చాయి. తుమ్ముతూనే బండి తోలాడు. లారీని దాటాడు, పత్తి ట్రాక్టరును దాటాడు. ఆ వయసులో, ఆ బండి మీద!

మూడుంబావుకి ట్యూబు సాదిక్ చేతిలో పడింది. ఈసారి పసుపు నీరు నిమ్మరసంలా తేలింది. మరియదాసు కూర్చోలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు.

నాలుగు దాటాక సాదిక్ కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"మాయ లెక్క ముప్పై ఎనిమిది లోపు ఉండాలి పెద్దాయనా. నూట పదహారు! డాక్టరమ్మకు చెప్పేశా. అంబులెన్సు రాంగానే గుంటూరు పంపిస్తన్నారు. అక్కడ ఇద్దర్నీ దగ్గరుండి కనిపెట్టుకుంటారంట."

"ఫిట్స్ రాలేదుగా?"

"రాలేదు. ముందే పట్టేశాం!"

"ముందేరా!" మరియదాసు సాదిక్ వీపు మీద గట్టిగా చరిచాడు. కళ్లల్లో నీళ్లు, మొహం నిండా నవ్వు. "ముందే తెలిసిందిరా!"

అతను అద్దంకి చేరేసరికి అంబులెన్సు గేటు దాటుతోంది. కిటికీ అద్దం జరిపి నజీరా చెయ్యెత్తింది.

"మేస్త్రికి చెప్పు బాబాయ్, నా చోటు ఉంచమని!"

సైరన్ దూరమైంది. ఆయా వరండా కడగడానికి నీళ్లు తెచ్చింది. వాచిన కాళ్లు పట్టక నజీరా వదిలేసిన చెప్పులు బెంచీ కింద ఉన్నాయి. నీలం రబ్బరు చెప్పులు. ఎడమదాని మడమలో మిరప గింజ ఒకటి, దిగబడి అలాగే ఉంది.