కడిగిన లారీ

హరిలాల్ లారీ అంత శుభ్రమైన బండి చర్ల రోడ్డు మీద మరొకటి లేదని పేరు. ఖమ్మం నుంచి తెచ్చిన పురుగుమందు డబ్బాలు చర్లలో దించి, తిరుగు ప్రయాణంలో చింతపండు ఎక్కించుకునేవాడు. ఈ రెంటి మధ్య చర్ల పక్కనున్న వాగు దగ్గర ఆగి లారీ తొట్టిని కడగడం అతని నియమం. తినే సరుకుకు మందు అంటకూడదు కదా!

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం. వాగులో ఒక్క మడుగే మిగిలింది. ఆ పొద్దున మూడు డబ్బాలు కారి తొట్టి పలకలు తడిసిపోయాయి. హరిలాల్ బకెట్లకొద్దీ నీళ్లు పోసి రుద్దాడు. తెల్లటి నీరు మడుగులోకి జారింది.

"గంతగనం తోముతున్నవ్, బండికి పెండ్లా ఏందన్నా?" అని ఒడ్డు మీది గూడెంలోంచి పుల్లమ్మ నవ్వింది. వచ్చిన ప్రతిసారీ అతనికి జావ పోసే మనిషి.

"జనం తినే సరుకు చెల్లే!" అన్నాడు గర్వంగా.

మధ్యాహ్నం చింతపండు బస్తాలతో తిరిగి వచ్చేసరికి ఆమె గుడిసె ముందు చేపల పులుసు ఉడుకుతోంది.

"వల ఎయ్యకుండనే తేలినయన్నా, వాగే పంపింది. మా దూలయ్య రెండుసార్లు తిన్నడు. కూసో, పెడత."

హరిలాల్ మడుగు వైపు చూశాడు. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. గట్టు మీద ఒక కాకి చచ్చి పడి ఉంది.

"తినకుండ్రి! నా బండి మందు కలిసింది!" అంటూ కుండను తన్నేశాడు. అప్పటికే ఆరేళ్ల దూలయ్య నోట నురగ వస్తోంది.

ఏ బస్తాలకు మచ్చ అంటకూడదని అంతగా తోమాడో, ఆ బస్తాల మీదే తల్లీకొడుకులను ఎక్కించాడు. "అన్నా, జల్దీ" అని పుల్లమ్మ అరుస్తూనే ఉంది. పర్ణశాల మలుపు రాకముందే పిల్లవాడి కాళ్లు చల్లబడ్డాయి.

భద్రాచలం దవాఖానా మెట్ల మీద, కబురంది వచ్చిన లారీ యజమాని చందూలాల్ అడిగిన మొదటి మాట: "సరుకు ఖరాబు కాలే గదా?"

"సరుకు మంచిగనే ఉంది సేటూ, పిల్లగాడే లేడు. మందుకు ఏరే బండి పెట్టు. వాగుకు దూరంగ గుంత తవ్వి అండ్ల కడుగుదాం. లేకుంటే తాళాలు తీస్కో."

సేటు తాళాలు తీసుకున్నాడు.

చదువరులారా, ఇది ఒక్క హరిలాల్ తప్పా? సరుకు బాగా చేరిందా అని అడిగేవారమే గాని, దారిలో ఏమి ఒలికిందని అడిగినవారు మనలో ఎందరు?

మరుసటి వారం అదే లారీ కొత్త డ్రైవరుతో వాగు దగ్గర ఆగింది. గట్టు మీద కూర్చున్న హరిలాల్ లేచి అడ్డం నిలబడ్డాడు. కొడుకు పోయిననాటి నుంచి పుల్లమ్మ అతనితో మాట్లాడడం లేదు. అయినా వచ్చి పక్కన నిలబడింది.

"జరుగమ్మా, జనం తినే సరుకు ఎక్కాలె" అన్నాడు డ్రైవరు.

"సరుకు తినేటోళ్లే జనమా? ఈ నీళ్లు తాగేటోళ్లం జనం గామా?"