అంచు కట్టని బుట్టలు

పుంగనూరు సంత గేటు దగ్గర ఎల్లమ్మ రాగులు నేలపాలయ్యాయి. సంతలో ఆశీలు, అంటే సుంకం, వసూలు చేసే కాంట్రాక్టరు నారాయణస్వామి మనిషి బుట్టను కాలితో ఒరిగించి, ఖాళీ చేసి, తీసుకుపోయాడు. ఎల్లమ్మ ఏడవలేదు. మట్టితో సహా గింజలను కొంగులోకి ఎత్తుకుంది. వెనుక బుట్టలతో నిలుచున్న తోటి ఎరుకల ఆడవాళ్లు చూశారు. రైతులూ చూశారు. తరువాత వరుస ముందుకు కదిలింది.

అది 1996. ఎరుకల మారకంలో బుట్టకు వెల ఆ బుట్టే. అది పట్టినన్ని రాగులు రైతు తన చేతితో పోస్తాడు; అల్లినామె ఒక్కసారి కుదుపుతుంది; కుంగిన మేరకు రైతు మరో దోసెడు పోస్తాడు. త్రాసు లేదు, నోటు లేదు. ఎరుకల కాలనీ సంగటి తినేది ఆ రాగులతోనే. నోటు లేనివాళ్లను నారాయణస్వామి ఆశీలుగా నోటు అడిగాడు. మొదట ఆ దోసెడు గుంజుకున్నాడు, తరువాత బుట్టల కట్టకు ఒకటి, ఇప్పుడు బుట్టలన్నీ. వాటిని మదనపల్లె టమోటా మండీకి అమ్ముకుంటున్నాడు.

మర్నాడు కాలనీలో అందరూ కూర్చున్నారు.

"మా కుప్పంలో మాదిరి దుడ్లకే అమ్ముకుందామత్తా," అంది ఎల్లమ్మ కోడలు మంగమ్మ.

"కొనేదెవురు మే? ఆ నారాయణస్వామే గదా."

"అయితే పోయి వాని కాళ్లు పిసుకుదామా?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. బుట్టల కోసం వచ్చిన రామసముద్రం రైతు రామప్ప ఎల్లమ్మ ఇంటి గడప బయటే నిలబడి మాట్లాడాడు.

"నా రాగులు ఇంట్లో పడుండాయి. మీ పొయ్యి ఆరిపోయుండాది. మీ బుట్టల్ని వాడు మండీకి అమ్ముకుంటాండాడు. నడమ వాడెవుడు?"

ఎల్లమ్మ అల్లుతున్న బుట్టను పక్కన పెట్టింది. "అంచు కట్టకుంటే ఇది బుట్టేనా?"

"కాదు," అంది మంగమ్మ. "బద్దలు ఊడొస్తాయి."

"వానికి తెలుసునా?"

ఆ వారం కాలనీలో ఒక్కరూ అంచు కట్టలేదు. మారకం జరిగిన చోటనే కట్టాలని తీర్మానించుకున్నారు.

నారాయణస్వామి ఎప్పటిలాగే అన్నీ లాక్కున్నాడు, చూసుకోలేదు. మండీలో లారీకెక్కిస్తుండగా బద్దలు విడిపోయి టమోటాలు రోడ్డున పడ్డాయి. మండీవాళ్లు బుట్టలన్నీ తిప్పి పంపారు. మరుసటి సంతకు అతడే గేటు దగ్గరికి వచ్చాడు.

"అంచులు కట్టండి."

"రాగులు పోసినాకనే కడతామప్పా," అంది ఎల్లమ్మ. "నువ్వేమన్నా తెచ్చుండావా?"

ఈసారి రైతులు నవ్వారు. ఆ నవ్వు తరువాత పోలీసు జీపు వచ్చింది. మోసం కేసు అంటూ బుట్టలన్నీ జీపులో వేసుకున్నారు. పుట్టుకతోనే దొంగ జాతి అన్నారు. ఆ మాట కాలనీకి కొత్త కాదు. ఎవరూ తల ఎత్తలేదు. ఎల్లమ్మ బద్దలు చీల్చే కత్తిని మంగమ్మకిచ్చి జీపెక్కింది.

రామప్ప తువ్వాలు పరిచి మంగమ్మ ముందు రాగులు పోశాడు.

"బుట్ట లేదే అప్పా."

"మీ అత్త వచ్చినాక ఇస్తువులే."

మరో రైతు పోశాడు. ఇంకొకడు. గేటు బయట కుప్పలు లేచాయి.

"దీనికీ ఆశీలు కట్టాల," అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

"దేనికి? బుట్ట యాడుండాది?" అంది మంగమ్మ.

రాగులు మూటలు కట్టుకుని అందరూ స్టేషన్ ముందుకు నడిచి కూర్చున్నారు. మధ్యాహ్నానికి కాలనీ నుంచి పిండి వచ్చింది. మూడు రాళ్ల మీద సంగటి ఉడికింది.

"మా చేతిది తింటావా అప్పా?" అని మంగమ్మ ముద్ద పట్టుకుని అడిగింది.

రామప్ప ఆ ముద్ద వైపు కొంతసేపు చూశాడు. చేయి చాపాడు. రైతులు కొందరు దుమ్ము దులుపుకుని ఇళ్లకు పోయారు. మిగిలినవాళ్లు పంక్తిలోకి జరిగారు.

"లేచి పోతారా, లోపలేయమంటారా?" అని మెట్ల మీద నుంచి కానిస్టేబుల్ అరిచాడు.

"వెయ్యప్పా," అంది మంగమ్మ. "తిన్నాక అందరం వస్తాం."

ఆమె తరువాతి ముద్ద చేసింది. ఎవరూ లేవలేదు.