కుండ లేని బొమ్మ

“ఇల్లంతా రంగు నీళ్ళ గ్లాసులే! ఏది తాగాలో, ఏది పారబోయాలో తెలిసి చావదు” అని అత్తగారు విసుక్కుంటుంటే కోడలు నవ్వుకుంటూ కుంచె కడుక్కుంది. అందరికీ టిఫిన్ డబ్బాలు కట్టాక మిగిలే కాసేపట్లోనే ఆమె బొమ్మలు వేసుకోవాలి.

మ్యూజియం వాళ్ళు పన్నెండు నీటిరంగుల బొమ్మలు అడిగారు. మన వీధులు, మన మనుషులు, మన బట్టలు. నూరేళ్ళ కిందట ఎవరో దొర వేసిన బొమ్మలు అక్కడ గోడలనిండా ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళంతా కుండలు మోస్తూనే ఉంటారు. ఈమె మాత్రం బస్సులో టిక్కెట్లు కొట్టే అమ్మాయిని వేసింది, మెడలో టేపుతో దర్జీ ఆవిడను వేసింది. అలా పదకొండు పూర్తయ్యాయి.

“బాగున్నాయమ్మా” అన్నాడు మ్యూజియం అధికారి. “చివరిది మాత్రం ఓ ముసలావిడ, నెత్తిన కుండతో వెయ్యండి. జనం చూసేది అదే.”

“మా అమ్మని కూర్చోబెట్టి కుండ పెట్టెయ్, అయిపోతుంది” అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. మంచివాడే. కాకపోతే ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన ఏదైనా పెట్టడం అతనికి చిటికెలో పని.

“నేనెప్పుడు మోశానురా కుండ?” అంటూ అత్తగారు లోపలికెళ్ళి పెట్టె తీసింది. ఇస్త్రీ చొక్కా, మడమల దాకా లంగా, తోలు బూట్లు వేసుకొచ్చి నిలబడింది. “దొరలు వెళ్ళిపోయిన ఏడాది ఆఫీసులో చేరిన మొదటి ఆడ టైపిస్టుని నేను. నా బూట్లు చూడ్డానికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా మామగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు నాచేతే ఉత్తరం టైపు చేయించుకున్నారు!”

తొమ్మిదేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నా ఈ సంగతి కోడలికి తెలీదు. “ఎందుకు మానేశారత్తయ్యా?”

“వీడు పుట్టాడు” అంది ఆవిడ, కొడుకుని ముద్దుగా చూస్తూ. అతను పేపరు మడిచేశాడు.

కోడలు ఆవిణ్ణి ఉన్నదున్నట్టు వేసి మ్యూజియానికి పట్టుకెళ్ళింది. “కుండ వెయ్యండి, లేదంటే పన్నెండూ పట్టుకెళ్ళండి” అన్నాడు అధికారి. పన్నెండూ చంకన పెట్టుకుని వచ్చేసింది. తమ వీధిలోని దర్జీ ఆవిడ కొట్టు ముందు తాడు కట్టి, క్లిప్పులతో తగిలించింది. వీధిలో జనం గుమిగూడారు. “నడుం లావు చేసిందండీ మా కోడలు!” అని వచ్చినవాళ్ళందరికీ ఫిర్యాదు చేస్తూ, అత్తగారు సాయంత్రం దాకా ఆ బొమ్మ పక్కనుంచి కదల్లేదు.

ఆఫీసునుంచి వస్తూ భర్త ఆగి చాలాసేపు చూశాడు. “నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?”

“నువ్వెప్పుడడిగావు?”

అతను భార్యవైపు తిరిగాడు. “ఇంకా వేస్తావా?”

“వేస్తాను. పొద్దున ఆరింటికి ఇక్కడ వెలుగు బాగుంటుంది” అంది ఆమె, బొమ్మలు ఒక్కొక్కటే తాడు మీంచి తీస్తూ. “డబ్బాలు కట్టే ఆ వేళ రేపటినుంచి నాది.”